ఎండలో కనిపించని అంకె

ప్రేమ్‌కుమార్ పనిలో ఉండగా కుప్పకూలిపోతాడని, ఆ సంగతి ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా తాను ఇంట్లో మామూలుగా అన్నం తింటూ ఉంటానని, అతని భార్య ద్వాళికి అన్నిటికన్నా పెద్ద భయం అదే. చీకటికి గానీ, పాములకు గానీ, ఇంటిమీదికొచ్చే అప్పులవాళ్లకు గానీ ఆమె అంత భయపడలేదు.

ప్రేమ్‌కుమార్‌కు చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చింది. తండాలో అందరికీ వచ్చి పోయే జ్వరమే అనుకున్నారు. అది పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయిందని ఇన్నేళ్లకు, పాప పుట్టి నాలుగేళ్లయ్యాక, సూర్యాపేట దవాఖానలో తేలింది. ఆపరేషన్ చేయాలి, పిలుపు వచ్చేదాకా ఆగాలి అన్నాడు డాక్టరు.

"అప్పటిదాకా బరువులు మోయొద్దు. మోయక తప్పకపోతే గుండెను నిమిషానికి నూట ఇరవై దాటనియ్యొద్దు. దాటిందా, ఉన్నపళంగా పని వదిలేసి నీడకు కూర్చోవాలి" అని చెప్పాడు.

ప్రేమ్‌కుమార్ పనే బరువులు మోయడం. మేళ్లచెరువు దగ్గర ఒక గోదాములో సిమెంటు బస్తాలు లారీలకెక్కించే ముఠాలో ఉన్నాడు. కొన్నాళ్లు కనపడకపోతే మేస్త్రీ నాగేందర్ ఆ చోట్లో ఇంకొకరిని నిలబెడతాడు. అతను చెడ్డవాడని కాదు, లారీ ఆగదు కాబట్టి.

"నూట ఇరవై అయిందని నాకెట్ల తెలుస్తది? గుండె ఏమన్న మైకుల చెప్తదా?" అన్నాడు ప్రేమ్‌కుమార్ తిరుగు బస్సులో. ఆమెను నవ్వించాలనే అన్నాడు. ద్వాళి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

ఉపాయం చెప్పింది ద్వాళి అన్న రమేష్. అతను కోదాడలో ఆటో నడుపుతాడు. "చేతికి పెట్టుకునే వాచీలున్నయి బావా. గుండె ఎంత కొట్టుకుంటుందో అంకె చూపిస్తయి. నేను కొనిస్త" అని ఇద్దరినీ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణానికి తీసుకుపోయాడు.

నల్లటి పట్టీ, నున్నటి అద్దం ఉన్న వాచీ ఒకటి తీసి చూపించాడు దుకాణం ఆయన. ద్వాళికి అద్దం మీదే అనుమానం. "సిమెంటు పనండీ ఆయనది. గీతలు పడయా?" అని అడిగింది.

దుకాణం ఆయన నడుముకున్న తాళాల గుత్తి తీసి, అందులో పెద్ద తాళంచెవితో వాచీ అద్దాన్ని బరబరా గీకాడు. ఆయన చొక్కా అంచుతో తుడిచి చూపించాడు. "గీత ఉందా చూడండమ్మా. బ్లేడుతో గీకినా ఇంతేనండి. మీ ఆయన అరిగిపోతాడేమో గానీ ఇది అరగదు."

రమేష్ పగలబడి నవ్వాడు. ద్వాళికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా అద్దం మీద గీత లేకపోవడం కళ్లారా చూసింది. దాంతో ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం కొన్నాళ్లు నిలబడింది కూడా. ప్రేమ్‌కుమార్‌కు ఉన్నది బటన్ల ఫోను. మధ్యాహ్నం ముఠా లారీ మీదే కాసేపు ఆగే వేళకు ద్వాళి ఫోన్ చేసేది.

"ఎంత?"

"ఎంతేంది, పలకరింపు లేదా? తొంభై నాలుగు."

ఇంకోరోజు, ముఠాలోని సోమ్లా పక్కనుండగా, "నూట పది. కూసున్నలే, సోమ్లా బీడీ అయిపోయేదాక కూసుంట."

మరోరోజు, "నూట పద్దెనిమిది ఉండె, జర ఆగితే దిగింది. సోమ్లా అంటుండు, మా ఆడోళ్లు అన్నం తిన్నవా అని అడుగుతరు, నీ భార్యేంది రేటు అడిగినట్టు అడుగుతది అని."

అంకె వినగానే ద్వాళి పళ్లెం ముందు కూర్చునేది. వినకముందు ముద్ద దిగేది కాదు. నూట ఇరవై దాటితే వాచీ చేతిమీద గుర్రుగుర్రుమని అదిరేది గానీ, తోటివాళ్లు "భార్య పిలుస్తుంది, పో" అని ఆటపట్టిస్తున్నారని అతను ఆ అదురుడు ఆపించుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాడు. అంకె కనిపిస్తుంది కదా, చాలనుకుంది.

సిమెంటు చెమటతో కలిస్తే రాయి అవుతుంది. ఎండలు ముదిరేసరికి వాచీ అద్దం మీద, అంచుల్లో బూడిదరంగు పొక్కు కట్టింది. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. సబ్బు పెట్టినా కదల్లేదు. అద్దం సగం మూసుకుపోయింది. అంకె కనిపించకపోతే ఎట్లా అన్న కంగారు పట్టుకుంది ద్వాళికి.

ఇంట్లో ఊక బూడిద ఉంది. ద్వాళి తల్లి శాంతాబాయి, తండా మాటలో యాడి, మిర్యాలగూడలో రైసు మిల్లులో పని చేస్తుంది. అక్కడ మిల్లుల వెనక వడ్ల ఊక కాల్చిన బూడిద గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. కూతురి దగ్గరికి ఎప్పుడొచ్చినా ఒక సంచి తెస్తుంది. ద్వాళి ఇంట్లో గిన్నెలకూ, ఇత్తడి చెంబుకూ, పెళ్లినాటి కడియాలకూ అదే. దానితో తోమితే వదలని జిడ్డు లేదు, మెరవని లోహం లేదు.

ఒక ఆదివారం అతను పడుకుని లేచేలోగా ఆమె వాచీ తీసుకుని పెరట్లో కూర్చుంది. కొబ్బరి పీచు తడిపి, బూడిద అద్ది, అద్దం మీద గుండ్రంగా తోమింది. పొక్కు ఊడిపోయింది. మెరవాలని ఇంకాసేపు తోమింది. కడిగి, కొంగుతో తుడిచి, ఇంట్లోకి తెచ్చి చూసింది. రేకుల ఇంటి మసక వెలుతురులో అంకెలు దీపాల్లా వెలిగాయి. కాస్త పొగమంచు పట్టినట్టు అనిపించింది గానీ తడి ఆరలేదేమో అనుకుంది.

"స్రవంతీ, బాపుకు ఇచ్చిరాపో" అని పాపను పంపింది.

ప్రేమ్‌కుమార్ వాచీ పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎండలో చెయ్యి ఎత్తి చూశాడు. మణికట్టు అటూ ఇటూ తిప్పాడు. ఇంకో చేత్తో నీడ పట్టాడు. గడపలో నిలబడి ఆమె చూస్తూనే ఉంది.

"ఎట్లుంది?"

అతను చెయ్యి దించాడు. "కొత్తదాని లెక్క చేసినవ్. చేస్తే నువ్వే చెయ్యాలె."

ఆ పూటంతా ద్వాళి ఉత్సాహంగా ఉంది.

తర్వాత కూడా ఫోన్లు అలాగే నడిచాయి.

"ఎంత?"

"ఎనభై."

"ఎంత?"

"ఎనభై రెండు. తిను ఇగ."

మునుపు తొంభైలూ నూట పదులూ ఉన్నచోట ఇప్పుడన్నీ ఎనభైలే. మందులు పట్టినాయనుకుంది. దేవుడు చూశాడనుకుంది. సేవాలాల్ మహరాజ్ గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు అతని చెయ్యి లాక్కుని వాచీ తాను కూడా చూసేది. ఇంట్లో అది చక్కగా వెలుగుతూ డెబ్బై ఎనిమిదనో ఎనభై అనో చూపించేది. అతను చెప్పినదానికీ, తాను చూసినదానికీ తేడా లేదు. ఇంక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

ఒక్కటే ఆమెను కొంచెం కలత పెట్టింది. స్రవంతి ఎత్తుకొమ్మని చేతులు చాపితే అతను కూర్చుని ఒడిలోకి తీసుకునేవాడు, లేచి ఎత్తుకునేవాడు కాదు. "దినమంత బస్తాలెత్తిన. నువ్వు గూడ బస్తా అయితవానే?" అని పాపతో అనేవాడు. పాప నవ్వేది. ద్వాళి కూడా నవ్వేది.

ఫోన్ వచ్చినప్పుడు ఆమె అన్నమే తింటోంది. ఆరోజు కూడా ఎనభై అనే చెప్పాడు. పళ్లెం ఇంకా సగం ఉంది.

"వదినా, నేను సోమ్లాను. పరేషాన్ కాకు. ప్రేమ్ పడిపోయిండు. సూర్యాపేట తీస్కపోతున్నం. నువ్వు సీదా దవాఖానకే రా."

ఎంగిలి చెయ్యి కడుక్కున్నదో లేదో ఆమెకు గుర్తులేదు. పాపను చంకనేసుకుని రమేష్ ఆటోలో కోదాడ, అక్కడినుంచి బస్సులో సూర్యాపేట. దారి పొడవునా ఆమెకు ఒకటే అర్థం కాలేదు. ఎనభై ఉన్న మనిషి ఎట్లా పడిపోతాడు?

లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. సోమ్లా వరండాలో కనిపించి, ప్రేమ్‌కుమార్ చొక్కా, చెప్పులు, వాచీ ఉన్న కవరు చేతిలో పెట్టాడు. "ప్రాణానికి ఏం గాదన్నరు. గుండెల నీరు చేరిందంట" అన్నాడు.

ద్వాళి వాచీ తీసి పట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఎండ ఇంకా మండుతోంది. అంకె చూద్దామని అద్దం మీది మీట నొక్కింది. ఏమీ కనిపించలేదు. చెడిపోయిందనుకుంది. తిప్పి చూసింది. ఎటు తిప్పినా అద్దమంతా తెల్లగా, పాలు ఒలికినట్టు మెరుస్తోంది. దగ్గరికి తెచ్చుకుంటే అప్పుడు కనిపించాయి గీతలు. వెంట్రుకకన్నా సన్నవి. లెక్కలేనన్ని. అన్నీ గుండ్రంగా తిరుగుతూ ఉన్నాయి, ఆమె పీచుతో తోమినట్టే.

కొంగు కప్పి నీడ చేసింది. నీడలో అంకెలు మెల్లగా పైకి తేలాయి. కొంగు తీసింది. మాయమయ్యాయి.

"సోమ్లన్నా, పని కాడ నీడ ఉంటదా?"

"గోదాము లోపల ఉంటది. లారీ మీద ఏడ నీడ? అయినా దిగి లోపలికి పోయి వాచీ సూసుకునేంత టైం ఎవలిస్తరమ్మా?"

ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది.

రెండు రోజులకు అతను మాట్లాడాడు. ద్వాళి మంచం పక్కన చేరింది. ఏడవకూడదనుకుని వచ్చింది, ఏడవలేదు.

"ఎండల కనిపిస్తలేదని ఎందుకు చెప్పలే?"

అతను కళ్లు మూసుకున్నాడు. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"నేనే సూసిన."

"మంచిగ చెయ్యాలనే తోమినవ్ గదా. ఎట్ల చెప్పాలె? మీ అన్నకు తెలిస్తే నిన్ను తిడుతుండె. నువ్వైతే తిట్టకముందే సచ్చేదానివి."

"మరి ఎనభై అని ఎట్ల చెప్పినవ్?"

"రాత్రిపూట ఎనభయ్యే ఉంటది గద ఇంట్ల. అదే చెప్పిన."

"ఎందుకయ్యా?"

"చెప్తేనే నువ్వు తింటవు. వినకపోతే పళ్లెం ముందల కూసోవని మీ యాడి చెప్పింది నాకు."

ద్వాళి ఇంకా దగ్గరికి జరిగింది. అతని అరచెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. సూది గుచ్చినచోట నీలంగా కమిలి ఉంది.

వాచీని ఆమె ఆ తర్వాత మిర్యాలగూడలో సెల్‌ఫోన్లు బాగుచేసే కృపాకర్‌కు చూపించింది. శాంతాబాయి ఉన్న వీధిలోనే అతని డబ్బా. అతను అద్దాన్ని బల్బు కింద పెట్టి చూసి, "దేంతో తోమినవక్కా?" అని అడిగాడు. చెప్పింది. "తాళంచెవి అద్దం కంటే మెత్తది, దాంతో గీత పడది. ఇసుక గట్టిది. ఊక బూడిదల ఉండేది ఇసుక లెక్కనే. కొత్తల పైన ఒక పొర అంటిస్తే గీతలు దానికే పడుతుండె, అద్దం బతుకుతుండె" అన్నాడు. దుకాణం ఆయన ఆ పొర మాటే ఎత్తలేదు. ఆయన తాళంచెవితో గీకి చూపించినదీ అబద్ధం కాదు. ఎవరిని తిట్టాలో తెలియక ద్వాళి వాచీ తీసుకుని వచ్చేసింది.

ప్రేమ్‌కుమార్ గుండె మునుపటిలా లేదు. అంకె దాటినప్పుడల్లా ఆగి ఉంటే ఇంత చెడేది కాదని డాక్టరు అన్నాడు. ఆపరేషన్ పిలుపు ఇంకా రాలేదు. బస్తాల పని ఖతం. రమేష్ తిరిగి తిరిగి, కోదాడలో లారీలు తూచే ఒక కాంటా దగ్గర అతన్ని కూర్చునే పనికి కుదిర్చాడు. ద్వాళి పాపను తీసుకుని మిర్యాలగూడలో తల్లి దగ్గర ఉంటూ మిల్లుకు పోతోంది. ఇద్దరికీ ఒకే ఊళ్లో పని దొరకలేదు. మిల్లు వెనక ఊక బూడిద గుట్టల పక్కనుంచే రోజూ నడవాలి. ఆమె అటు చూడదు. ఇంట్లో గిన్నెలు ఇప్పుడు సబ్బుతో తోముతోంది.

వాచీ పడేయమంటే అతను ఒప్పుకోలేదు. "కాంటా గదిల నీడే గద, కనిపిస్తదిలే" అని పెట్టుకుని పోయాడు.

ఇప్పుడు ఆమె ఎంత అని అడగడం మానేసింది.

"ఎట్లున్నవ్?"

"మంచిగున్న. తిన్నవా?"

"తిన్న" అంటుంది ద్వాళి. పళ్లెం మీద మూత అట్లాగే ఉంటుంది. అతను చెప్పేది నిజమో కాదో ఆమెకు తెలియదు, ఆమె చెప్పేది అతనికీ తెలియదు. అవతల లారీ మోగుతుంది, ఇవతల మిల్లు మోగుతుంది. ఫోన్ పెట్టేస్తారు.

మీరెవరైనా కోదాడలో మేళ్లచెరువు వైపు పోతే, రోడ్డు పక్కన కాంటా దగ్గర చేతికి మసకబారిన వాచీ పెట్టుకుని ఒక సన్నటి మనిషి కూర్చుని ఉంటాడు. ఒక్క నిమిషం బండి ఆపండి. ఎట్లున్నవని అడగవద్దు, మంచిగున్న అనే అంటాడు. అతను ఎండలో ఉంటే నీడకు పిలిచి, పక్కన కూర్చుని, ఊపిరి ఎట్లా తీస్తున్నాడో చూడండి. చూసినది చూసినట్టుగా ద్వాళికి ఫోన్ చేసి చెప్పండి.