రైలు డ్రైవరు చేతిలో మోరిస్ మైనర్

నేను ఒక మోరిస్ మైనర్ కారుని. ఒళ్లు గుండ్రం, రంగు లేత ఆకుపచ్చ, కళ్లు కాస్త పెద్దవి. 1954లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్క కర్మాగారంలో పుట్టాను. నా ఈడు కార్లు ఇవాళ చాలావరకు కరిగిపోయి, ఏ వంతెనలో చువ్వలుగానో ఏ వంటింట్లో పెనాలుగానో బతుకుతున్నాయి. నేను ఇంకా నేనుగానే ఉన్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఇనుము తనంతట తాను చేయగలిగింది తుప్పు పట్టడం ఒక్కటే. మిగతాదంతా మనుషులు చేశారు. వాళ్లు చేసింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం తీరదు.

ఓడెక్కి విశాఖపట్నం రేవులో దిగాను. నన్ను మొదట కొన్నది పశువుల డాక్టరు సాంబమూర్తి గారు. సొంత పిల్లల్ని చెప్పులు విప్పితే గాని ఎక్కనిచ్చేవారు కాదు. జబ్బు చేసిన దూడని మాత్రం నాలుగు కాళ్ల బురదతో సహా వెనక సీటులో పడుకోబెట్టి, దానితో కబుర్లు చెబుతూ నడిపేవారు. ఆయన పోయాక ఒక కాంట్రాక్టరు నన్ను కొని పెళ్లిళ్లకు తిప్పాడు. పెళ్లికొడుకులు ఎక్కేటప్పుడు మహారాజుల్లా ఎక్కేవారు. దిగేటప్పుడు మాత్రం ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక దిక్కులు చూసేవారు. అలా కొన్నాళ్లు మల్లెపూల వాసనతో బతికాను.

ఒక మధ్యాహ్నం రేవు రోడ్డు మీద పోలీసులు ఆపారు. నా కాగితాల గడువు తీరిపోయింది. బండి స్టేషనులో పెట్టి, కాగితాలు తెచ్చి తీసుకుపొమ్మన్నారు. డ్రైవరు నా బానెట్ మీద ఒక్కసారి తట్టి, “సాయంత్రం వస్తా” అని వెళ్లాడు. ఆ సాయంత్రం ఏళ్ల తరబడి సాగింది. మనుషులు తప్పు చేస్తే బెయిలుంటుంది, బండ్లకు ఆ సదుపాయం లేదు. స్టేషను ఆవరణలో చక్రాల్లేని ఆటోలు, పేర్లు మర్చిపోయిన మోటారుసైకిళ్ల మధ్య నిలబడిపోయాను. కాకులు నా మీద కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకునేవి.

ఇక్కడ నా చేతుల గురించి చెప్పాలి. ఇప్పటి కార్లకు మలుపు తిరిగేటప్పుడు దీపాలు మిణుకుమిణుకుమంటాయి. మా కాలంలో అలా కాదు. నా రెండు తలుపుల వెనక స్తంభాల్లో చెరో చిన్న చెయ్యి దాగి ఉంటుంది. ఎడమకు తిరగాలంటే ఎడమ చెయ్యి బయటికి వచ్చి అడ్డంగా నిలుస్తుంది, అందులో చిన్న దీపం వెలుగుతుంది. తిరగడం అయిపోతే మళ్లీ లోపలికి ముడుచుకుంటుంది. ఒక వానాకాలం ఏదో తీగ నాలోకి పాకి, ఎడమ చెయ్యిని బయటికి నెట్టేసింది. అది అలాగే బిగుసుకుపోయింది.

ఆ చెయ్యి ముందే పైల వరహాలు ఆగిపోయాడు.

ఆయన ఊళ్లోనే తాటిచెట్లపాలెంలో ఉండే రిటైరైన రైలు డ్రైవరు. సైకిలు పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషనుకు వచ్చాడు. పొడుగ్గా, ఎండుకట్టెలా, తెల్లటి మీసాలతో గబగబా నడిచి వస్తున్నవాడు నా దగ్గరికి రాగానే ఎవరో భుజం పట్టి ఆపినట్టు నిలబడిపోయాడు. పక్కనున్న కానిస్టేబులు ఏమైందని అడిగాడు.

“కారుకి సిగ్నలుందేటి బాబూ?” అన్నాడు వరహాలు, నోరు తెరిచి.

ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో పట్టాల పక్కన ఎత్తైన స్తంభాలకు ఇలాంటి చేతులే ఉండేవట. ఎర్ర చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, దిగితే వెళ్లాలి. దుమ్ముకొట్టుకుపోయిన నా చెయ్యిని చూసి ఆయన కాళ్లు ఆయన్ని అడగకుండానే ఆగిపోయాయి. ఆయన వేలితో ఆ చెయ్యి మీది మట్టి తుడిచాడు. చంటిపిల్లల ముఖం తుడిచినట్టుంది నాకు.

తర్వాత ఆవరణలోని బండ్లన్నీ వేలం వేశారు. పాత ఇనుము వ్యాపారుల మధ్య నిలబడి వరహాలు నన్ను పాడుకున్నాడు. చెప్పిన గడువులోగా తనిఖీలో నెగ్గి రిజిస్ట్రేషను చేయించుకోవాలి, లేదంటే బండిని తుక్కుకింద అప్పగించాలి, అని షరతు.

ఇంటిముందు నన్ను దింపగానే ఆయన భార్య నూకరత్నం నడుం మీద చేతులు వేసుకుని చూసింది.

“సైకిలు పోయిందని ఎల్లి కారు తెచ్చినావేటయ్యా!”

“నీకోసమే రత్నం.”

“నేనడిగినానా?”

“నువ్వడగనేదు. అడగనేదనే తెచ్చినాను.” వరహాలు నా తలుపు పట్టుకుని నేల చూస్తూ మాట్లాడాడు. “ఊళ్లోవోళ్లందర్నీ కలకత్తా దాకా తీసుకెళ్లినాను. నువ్వు కంచె దగ్గర నిలబడి చెయ్యూపేదానివి. ఇంజన్లోకి బయటోళ్లని ఎక్కించకూడదు, అది రూలు. నేను నడిపే బండిలో నా పక్కన నువ్వు ఒక్కసారైనా కూకున్నావా?”

నూకరత్నం లోపలికి వెళ్లి చీపురు తెచ్చి నా సీట్ల కింద ఊడ్వడం మొదలుపెట్టింది.

వాళ్లిద్దరూ కలిసి నన్ను బతికించిన తీరు ఏ కర్మాగారంలోనూ చూడలేదు. ఆయన ఒక్కొక్క మరా విప్పి కిరసనాయిల్లో కడిగేవాడు. ఆమె కుట్టుమిషను మీద సీట్లకు కొత్త గుడ్డ కుట్టింది. ఎడమ చెయ్యిలోంచి తీగని వేళ్లతో సహా లాగి, లోపలి రాగి చుట్ట సరిచేసి, అద్దం తోమితే అది ముదురు పసుపు రంగులో మెరిసింది. ఇంజను మొదటిసారి పలికిన రోజున నూకరత్నం చెవులు మూసుకుని నవ్వింది. నాలో మళ్లీ నిప్పు పుట్టింది. ఇనుప పెట్టెలో నిప్పు పెట్టి దానిచేత పని చేయించుకోవాలని మనిషికి ఎలా తోచిందో అని ఆ రోజు నాకే విచిత్రమనిపించింది.

ఒక్క చిక్కు మిగిలింది. రైలు నడిపినవాడికి స్టీరింగు కొత్త. “ఇది తిప్పడమెందుకు, దారికి తెలీదేటి?” అని విసుక్కుంటూనే నేర్చుకున్నాడు, లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. అదంతా మామూలు కారుతో అయిపోయింది. నాతో మాత్రం, నా చెయ్యి బయటికి వచ్చిందంటే చాలు, ఆయన కాలు బ్రేకు మీద పడేది. తిరగడం కోసం తనే మీట నొక్కి, తనే ఆగిపోయేవాడు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో పదిసార్లు ప్రయత్నిస్తే పదిసార్లూ అంతే.

గడువు ఆఖరి రోజు వచ్చింది. తనిఖీకి మధ్యాహ్నంలోపు రవాణా ఆఫీసువాళ్ల మైదానం చేరాలి. ఉదయమే ఇద్దరూ బయలుదేరారు. దారిలో మలుపులు తక్కువ ఉండేలా వరహాలు ముందే చూసుకున్నాడు. కాని పెద్ద కూడలిలో హెడ్ కానిస్టేబులు తవిటినాయుడు చెయ్యి చాపాడు. ఆ చెయ్యికి కూడా వరహాలు వెంటనే ఆగిపోయాడు.

“మాస్టారూ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించండి.”

“అది తెచ్చుకోడానికే ఎల్తన్నాను బాబూ.”

“అది లేకుండా బండి రోడ్డెక్కకూడదండీ.”

“ఎక్కకపోతే తనిఖీకి ఎలా ఎల్లను?”

తవిటినాయుడు టోపీ తీసి తల గోక్కున్నాడు. “లారీ మీద తీసుకెళ్లాలి. లేకపోతే తాత్కాలిక నంబరు తీసుకోవాలి. అలా నడిపేస్తే నేను కేసు రాయాలి, బండి స్టేషనుకి పంపాలి. నాకు మాత్రం సరదా ఏటండీ?”

స్టేషను అన్న మాట వినగానే నా గొట్టాల్లో పెట్రోలు గడ్డకట్టినట్టయింది. వరహాలు వాదిస్తాడనుకున్నాను. ఆయన వాదించలేదు. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

“బాబు చెప్పింది నిజమే రత్నం. తెలిసి రూలు దాటి ఎప్పుడూ బండి నడపనేదు. ఇప్పుడు దాటను.” ఆయన తాళం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. “గడువు ఇయ్యాలే. ఇంక తుక్కే.”

నూకరత్నం కిటికీలోంచి తల బయటపెట్టింది. “బాబూ, ఇంజను ఆపేసినాడు గదా. ఇప్పుడు ఇది నడుస్తన్నట్టా, కాదా?”

“కాదమ్మా.”

“తోసుకెళ్తే?”

తవిటినాయుడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. రోడ్డు వైపు చూశాడు. మైదానం అక్కడినుంచి కంటికి కనిపించేంత దగ్గరేమీ కాదు.

“చెడిపోయిన బండిని తోసుకెళ్తే నేనెప్పుడూ రాయనేదు” అన్నాడు నెమ్మదిగా.

వరహాలు దిగి భుజం ఆనించాడు. నేను కదల్లేదు. ఆయన డెబ్బై దాటిన మనిషి, నేనేమో ముప్పావు టన్ను. ఆయన మళ్లీ తోశాడు. అంతలో ఒక ఆటో అతను దిగివచ్చి పక్కన చెయ్యి వేశాడు. కాలేజీకి వెళ్లే నలుగురు అమ్మాయిలు సంచులు నా వెనక సీటులో పడేసి వచ్చారు. చేపల గంప దించి ఒక ముసలామె, చేతులు కొంగుకు తుడుచుకుని, “ఎక్కడ పట్టుకోమంటావు?” అని అడిగింది. లోపల ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవాలి గనక నూకరత్నం డ్రైవరు సీటులోకి జరిగింది. తవిటినాయుడు ఈల ఊది నాలుగు వైపులా బండ్లను ఆపేశాడు. బస్సులు, లారీలు, వాటి వెనక కొత్త కొత్త కార్లు, అన్నీ నిలబడ్డాయి. నేను కదిలాను.

అంత నిశ్శబ్దంగా నేనెన్నడూ నడవలేదు. ఇంజను లేదు, పొగ లేదు. ఒంటినిండా అరచేతులు. చేపల తడి ఉన్నవి, సిరా మరకలున్నవి, కాయలు కాసినవి. ఎవరికీ నేను ఏమీ కాను. నా పేరు కూడా వాళ్లకు తెలియదు. ఒకరు అలిసిపోయి తప్పుకుంటే ఇంకొకరు వచ్చి భుజం ఆనించారు. ఎత్తు వచ్చినచోట తవిటినాయుడే టోపీ సీటులో పెట్టి తోశాడు. లోపల నూకరత్నం కళ్లార్పకుండా, పెదవి కరిచి, మలుపు మలుపుకీ చక్రం మెల్లిగా తిప్పుతోంది. నన్ను నడిపినవాళ్లందరిలోకీ ఆమె చెయ్యే మెత్తన. నేను పుట్టిన కర్మాగారంలో పెద్ద పెద్ద యంత్రాలుండేవి. ఇంత బలం వాటి దగ్గర చూడలేదు.

మైదానంలో తనిఖీ అధికారి హిమజ. ఆ ఉద్యోగాన్ని జనం ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరనే అంటారు. ఖాకీ బట్టల్లో సన్నగా, నిదానంగా ఉంది. చెమటలు కక్కుతూ వచ్చిన గుంపును చూసి ఆమె ముందు అందరికీ మంచినీళ్లు ఇప్పించింది. నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. మోకాళ్ల మీద కూర్చుని నా కింద టార్చి వేసింది. ఇంజను నంబరు, చాసిస్ నంబరు గుడ్డతో తుడిచి చదివింది.

“ఏదైనా మార్చారా బాబాయ్ గారూ? ఇంజను గాని, బాడీ గాని? ఇంత పాత బండి అసలు రూపంలో ఉంటేనే నంబరు వస్తుంది.”

“పాడైంది బాగుచేసినాను తల్లీ. కొత్తది తగిలించనేదు.”

ఆమె తల ఊపి డ్రైవరు పక్క సీటులో కూర్చుంది. మైదానంలో నడిపి చూపించమంది. తిన్నగా బాగానే వెళ్లాం. బ్రేకులు చూసి సంతోషించింది. “ఆ రాయి దగ్గర ఎడమకు తిప్పండి” అంది.

వరహాలు మీట నొక్కాడు. నా చెయ్యి బయటికి వచ్చింది. ఆయన కాలు పడింది. ఆగిపోయాం.

“ఎందుకు ఆపారు?”

“పొరపాటు తల్లీ.”

మళ్లీ నడిపాడు, మళ్లీ ఆగాడు. మూడోసారి కూడా. ఆయన మీసాల మీంచి చెమట కారుతోంది.

“బండిలో లోపం లేదు” అంది హిమజ. “కాని ఇలా రోడ్డు మధ్యలో ఆగిపోతే వెనకవాళ్లు వచ్చి గుద్దేస్తారు. నేను ఎలా సంతకం పెట్టను?”

కంచె అవతల నుంచి నూకరత్నం కేక వేసింది. “ఆ చెయ్యి లేస్తే ఆయన ఆగిపోతాడు తల్లీ! రైలు అలవాటు! తప్పు ఆయనది కాదు, సిగ్నలుది!”

హిమజ వరహాలు వైపు తిరిగింది. “మీరు రైలు నడిపారా?” అని అడిగి, కాసేపు కిటికీలోంచి నా చెయ్యిని చూసింది. “బాబాయ్ గారూ, నాకు రైళ్ల సంగతి తెలియదు. ఒకటి చెప్పండి. ఈ చెయ్యి రంగేమిటి?”

“పసుపు.”

“రైల్లో పసుపు చెయ్యి కూడా ఉండేదా?”

“ఉండేది తల్లీ. స్టేషనుకి ఇంకా దూరంలో.”

“అది అడ్డంగా ఉంటే ఆగాలా?”

ఏళ్ల తరబడి వరహాలు ఒళ్లంతా ఇంకిపోయిన మాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. “ఆగక్కర్లేదు. నెమ్మదించాలి. ముందు ఆగాల్సి రావచ్చని జాగ్రత్తగా... సాగిపోవాలి.”

“మరి సాగండి.”

ఆయన తల తిప్పి నా చెయ్యిని చూశాడు. మట్టి తుడిచింది ఆయనే, తోమి మెరిపించింది ఆయనే. అయినా దాని రంగు ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశాడు. గేరు వేశాడు. కాలు బ్రేకు దాకా వెళ్లి, దాన్ని తాకి, వెనక్కి వచ్చింది. స్టీరింగు తిరిగింది. నేను ఎడమకు తిరిగాను.

కంచె అవతల ఎవరూ వెళ్లిపోలేదని అప్పుడే తెలిసింది. చేపలామె, అమ్మాయిలు, ఆటో అతను అందరూ ఒక్కసారిగా అరిచారు. కూడలిని ఎవరికి అప్పగించి వచ్చాడో గాని, తవిటినాయుడు కూడా ఈల ఊదాడు.

హిమజ సంతకం పెడుతూ నిబంధన చెప్పింది. “ఇకనుంచి ఇది వింటేజ్ బండి. షికార్లకు, రోజువారీ పనులకు వాడకూడదు. పాత కార్ల ప్రదర్శనలకు, ఊరేగింపులకు తీసుకెళ్లవచ్చు. రిపేరుకు, పెట్రోలు కొట్టించడానికి వెళ్లవచ్చు. అంతే.”

“అంతే చాలు తల్లీ” అన్నాడు వరహాలు.

రూలు మీరని మనిషి ఆయన, ఇప్పటికీ మీరడు. నెలకొకసారి పొద్దున్నే నూకరత్నం తలకు నూనె రాసుకుని, జడ వేసుకుని, ఎడమ సీటులో కూర్చుంటుంది. మేం పెట్రోలు కొట్టించుకోవడానికి వెళ్తాం, భీమిలి దాకా. వెళ్లేటప్పుడు సముద్రం ఆయన పక్క ఉంటుంది, వచ్చేటప్పుడు ఆమె పక్క. అందుకే వచ్చేటప్పుడు మరీ నెమ్మదిగా నడుపుతాడు.

మొన్న ఆ రోడ్డు మీద కొత్త కానిస్టేబులు ఒకడు ఆపాడు. కాగితాలు చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయని ఒప్పుకుని, అనుమానంగా అడిగాడు. “తాటిచెట్లపాలెం నుంచి పెట్రోలు కోసం ఇంతదూరమా? మీ ఇంటి పక్కన బంకే లేదా?”

వరహాలుకు అబద్ధం చేతకాదు. నూకరత్నం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎదురుగా కొండంత లేచి విరుగుతున్న అలల వైపు చూపించింది.

“ఉంది బాబూ” అంది. “ఆ బంకుకెళ్తే దారిలో ఇది నేదు.”

కానిస్టేబులు అటు తిరిగి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. మేం ముగ్గురం కూడా చూశాం. కానిస్టేబులు ఎప్పుడు వెళ్లమని చెయ్యి ఊపాడో, మేం ఎప్పుడు కదిలామో నాకు గుర్తు లేదు.