సున్నం కొట్టిన కన్య

ప్రతి ఉదయం ఎనిమిదింబావు ఫెర్రీలో డార్ట్‌మౌత్ నుంచి హాలిఫాక్స్ రేవు దాటి, బస్సెక్కి, విశ్వవిద్యాలయపు నేలమాళిగలో ఉన్న శిల్పశాల తాళం తీయడం నాలుగేళ్ళుగా సుధామయికి అలవాటు. అక్కడ ప్రాచీన గ్రీకు శిల్పాలకు పోతపోసిన ప్లాస్టర్ నకళ్ళు పదిహేడు ఉన్నాయి. వాటి ఎదుట రెండు గంటలకు మించి కూర్చోరాదనీ, మంచి బట్టలతో రారాదనీ తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. ఎందుకంటే ఆ విగ్రహాలు ఎదురుగా కూర్చున్నవారి రంగును తాగుతాయి. నీలం స్వెట్టర్‌తో వెళ్ళిన విద్యార్థి బూడిదరంగు స్వెట్టర్‌తో బయటికి వచ్చేవాడు. అందుకని, వానాకాలంలో గొడుగు తెచ్చుకున్నట్టే, అందరూ పాత బట్టలు తెచ్చుకునేవారు. తాగిన రంగు మాత్రం, అసలు శిల్పానికి పూర్వం ఎక్కడెక్కడ రంగు ఉండేదో అక్కడే తేలేది. పెదవి మీద, అంగీ అంచున, కనుబొమల కింద.

ఆచార్య కోదండరామ్ గారు ప్రతి వేసవిలోనూ వాటికి సున్నం కొట్టించేవారు.

ఆయన కాకినాడలో పుట్టి, నలభై ఏళ్ళుగా ఇక్కడ గ్రీకు కళను బోధిస్తున్నారు. గ్రీకు సౌందర్యమంటే తెలుపేననీ, యూరప్ తన అభిరుచినీ, ఈ ఊరి బ్యాంకులూ కోర్టులూ తమ స్తంభాల గాంభీర్యాన్నీ ఆ తెలుపు నుంచే నేర్చుకున్నాయనీ ఆయన వాదం. గ్రీకులు శిల్పాలకు రంగులు వేశారనీ, వానలూ, తరువాతివారి తోముడు బ్రష్షులూ వాటిని కడిగివేశాయనీ, అలా కడిగినదాన్నే లోకం ఆదర్శమనుకుందనీ సుధామయి తన థీసిస్‌లో రాసింది.

"ఏ ఊరన్నావ్ మీది?" అని ఆయన సెమినార్‌లో అడిగారు.

"ఆళ్ళగడ్డ సార్. మా నాన్నగారు విగ్రహాలు చెక్కేవారు."

"అదీ సంగతి! గాలిగోపురానికి ఎనామిల్ కొట్టినట్టు గ్రీకులకూ కొట్టేద్దామని బయల్దేరావ్. పైగా సుధామయి! సంస్కృతంలో సుధ అంటే అమృతమే కాదమ్మాయ్, సున్నం కూడా. పాపం, మీ నాన్నగారికి ఎవరూ చెప్పినట్టు లేదు."

జనవరిలో ఆమె తల్లి చనిపోయింది. లీవ్ కోసం వెళితే ఆయన కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"ఆవిడ ఇంకెక్కడికీ వెళ్ళరు కదా. చాప్టర్ త్రీ పంపించి వెళ్ళు."

ఆమె చాప్టర్ పంపేసరికి ఆళ్ళగడ్డలో కర్మకాండ ముగిసింది. పొరుగువారు పంపిన అమ్మ కుంకుమరంగు చీర ఒకటి కొరియర్‌లో వచ్చింది. నాన్న మునుపే పోయారు, ఊళ్ళో తనవాళ్ళంటూ ఇక ఎవరూ లేరు. స్టడీ పర్మిట్ ఏప్రిల్ నెలాఖరుతో ముగుస్తుంది. గైడ్ అయిన కోదండరామ్ గారి సంతకం లేనిదే డిగ్రీ లేదు, డిగ్రీ లేనిదే ఈ దేశంలో చోటు లేదు.

"రంగుంటే చూపించు. అప్పుడే పెడతా సంతకం," అన్నారు కోదండరామ్ గారు.

గ్రీకులు సమాధి మీద నిలిపే కన్య విగ్రహపు నకలు ఒకటి అక్కడ ఉంది. సుధామయి అమ్మ చీర కట్టుకుని దాని ఎదుట కూర్చుంది. రెండు గంటలు కాదు, పన్నెండు రోజులు. చీరలోని కుంకుమరంగు సున్నాన్ని చీల్చుకుని కన్య అంగీలోకి చేరింది. జరీ పసుపు మెడలోని హారంలోకి చేరింది. ఆమె జుట్టు నలుపు కన్య జడల్లోకి ఇంకింది. చివరికి చీర వట్టి తెల్లని గుడ్డగా మిగిలింది. ఇరవైతొమ్మిదేళ్ళ సుధామయి తల ముగ్గుబుట్ట అయింది. ఇక కన్య కళ్ళు మాత్రమే నిండవలసి ఉంది.

పరీక్షనాడు కోదండరామ్ గారితో రెండో పరీక్షకురాలు వైదేహి గారు వచ్చారు. ఆమె విగ్రహాన్ని ఒకసారి చూసి, తన ఫారం మీద సంతకం చేశారు. కోదండరామ్ గారు అంగీ మడతల దగ్గర చాలాసేపు వంగి నిలబడ్డారు.

"కళ్ళు లేవేం?"

"ఇంకో నిమిషంలో వస్తాయి సార్. మీరు కాస్త పక్కకు జరగండి." సుధామయి సంచీలోంచి చేతి అద్దం తీసింది. "మావాళ్ళు విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు ఎదురుగా అద్దం పెడతారు. ఆ మొదటి చూపు మనిషి మీద పడకూడదు."

"అద్దమా? ఇదేమన్నా అమ్మవారనుకున్నావా? నలభై ఏళ్ళు కాపాడినవాణ్ణి నేను. ప్రథమ దర్శనం నాది."

"దర్శనం వేరు సార్. అది కళ్ళు తెరిచాక..."

"నాకు శాస్త్రాలు నేర్పకు. తప్పుకో."

సుధామయి అద్దాన్ని బల్ల మీద బోర్లించి తప్పుకుంది.

కన్య కళ్ళు నల్లగా నిండాయి. కోదండరామ్ గారి కనుపాపలు సున్నంలా తెల్లబడ్డాయి. నొప్పి కలిగినట్టు లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఎంత తెల్లగా ఉందో చూశారా!" అన్నారు. "మచ్చుకైనా రంగు లేదు. వైదేహీ, మీకేమైనా కనిపిస్తోందా?"

కుంకుమరంగు అంగీతో, నల్లని జడలతో కన్య ఆయన్నే చూస్తోంది.

"మీరు చూశాక నేను చెప్పేదేముంది సార్," అన్నారు వైదేహి గారు.

ఆయన ఫారం తెమ్మన్నారు. అందులో పైగడి ఆమోదానిది, కిందిగడి తిరస్కారానిది. కాగితాన్ని ముఖానికి దగ్గరగా, తర్వాత దూరంగా పట్టుకున్నారు.

"ఏం ప్రింటో, బొత్తిగా కనబడి చావదు. రిజెక్ట్ అన్న గడి ఎక్కడుందమ్మా?"

సుధామయి ఆయన చేయి పట్టుకుని, కలాన్ని పైగడిలో ఆనించింది.

"ఇక్కడ సార్."

వైదేహి గారు తన బ్యాగు జిప్పు సరిచేసుకోవడంలో మునిగిపోయారు. కోదండరామ్ గారు తీరుబడిగా, పేరు కింద గీతతో సహా సంతకం చేసి, ఆమె నెరిసిన తలను ప్రేమగా నిమిరారు.

"బాధపడకు సుధా. నిజం ముందు మనమెంత? టికెట్ ఇప్పుడే బుక్ చేసుకో, చవగ్గా వస్తుంది."

"అలాగే సార్."

ఆమె ఫారాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. ఆయన్ను జాగ్రత్తగా మెట్ల మొదలు దాకా నడిపించి, అక్కడ చేయి వదిలేసింది.