గాలం కర్రకు మొదటి రింగు

దర్జీవాడికి సెలవురోజున దారం చూపించేవాణ్ణి ఏం చేసినా పాపం లేదు. ఆ చూపించేవాడు సొంత బావ అయితే మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. చొక్కాల ఫ్యాక్టరీలో వారమంతా కాలర్లు కుట్టి, ఈ ఒక్కరోజూ కాళ్ళు చాపుకుందామని అక్క ఇంటికి వెళితే, భోజనాల బల్ల నిండా గాలం సామానే.

మామూలు గాలం అయితే ఇంత తతంగం లేదు. ఎర గుచ్చి కూర్చోవడమే. మా బావది ఈకలతో చేసిన దొంగ పురుగు నీటి మీద వాలేలా విసిరే రకం. దానికి కర్ర తేలిగ్గా ఉండాలి, పేము బెత్తంలా వంగాలి. సన్నటి కార్బన్ కడ్డీ తెప్పించుకుని, బెండుతో చేసిన పిడిని తనే అరగదీసి అతికించాడు. ఇక మిగిలింది గాలపు తీగ దూరే రింగులు. ఒక్కో రింగునీ కడ్డీకి ఆనించి, పోగు పక్కన పోగు వచ్చేలా పట్టుదారం చుట్టాలి.

బావ ఇన్నేళ్ళూ క్రేను నడిపిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి ఒక్కో పనీ వదిలేస్తూ వచ్చాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. చొక్కా గుండీలు అక్కే పెడుతోంది.

"మీ బావ ఈ కర్రొక్కటే పట్టుకుని ఉన్నార్రా. ఇదీ వదిలేస్తే ఇక మంచం దిగరు," అంది అక్క వంటింట్లో, గొంతు తగ్గించి.

పొద్దున్నంతా మొదటి రింగుతోనే కుస్తీ. నాలుగు చుట్లు వేస్తాడు, బొటనవేలు వణికి అయిదోది ఎగిరి మూడోదాని మీదెక్కుతుంది. విప్పుతాడు. మళ్ళీ మొదలు. చూస్తుంటే నాకు ప్రాణం విసిగిపోయింది. భోజనాలయ్యాక ఆయన కునుకు తీస్తుంటే కర్ర అందుకున్నాను. జాలేసి కాదు, చూడలేక. నా చేతికి అదొక పనే కాదు. చిటికెలో రింగు ముచ్చటగా కూర్చుంది.

బావ లేచి వచ్చి, చుట్ల మీద గోటితో ఒక్కసారి తడిమాడు.

"ముడి వేశావు," అన్నాడు.

గాలం కర్రకి ముడి వెయ్యరట. దారం కొసని దాని చుట్ల కిందికే లాగేస్తారు, లేకపోతే వార్నిష్ పూశాక బుడిపె తేలుతుంది. నా చెయ్యేమో దారం అయిపోయేసరికి దానంతటదే ముడి వేసేస్తుంది.

"దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది బావా," అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

"ముడి సంగతి వదిలెయ్. బాగా వచ్చింది. మిగతా ఎనిమిదీ నువ్వే కానిచ్చెయ్," అని లేచి, గదిలోకి వెళ్ళి పడుకున్నాడు.

అక్క గుమ్మంలో నిలబడి నావంక చూసింది. తిట్టినా బాగుండేది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. బ్లేడు తీసి ఆ ముచ్చటైన చుట్లన్నీ కోసేసి, కర్ర పట్టుకుని గదిలోకి వెళ్ళాను.

"లే బావా. వారమంతా కుట్టి చచ్చాను. నీ కర్రకి కూడా నేనే కూలీనా?"

"నావల్ల కావట్లేదురా," అన్నాడు గోడవైపు తిరిగే.

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. జాలి చూపిస్తే ఇక లేవడని భయం వేసింది.

"చక్కగా చుట్టడం నీవల్ల కాదు, నిజమే. వంకరగా చుట్టు. ఎవడొచ్చి చూస్తాడు?"

"చూసినవాడు నవ్వుతాడు."

"నేనున్నానుగా, ముందు నేనే నవ్వుతా. పద."

గొణుక్కుంటూనే వచ్చి కూర్చున్నాడు. ఈసారి దారం నేను ముట్టుకోలేదు. ఆయన తిప్పమంటే కడ్డీ తిప్పాను, ఆపమంటే ఆపాను. పోగులు ఎక్కడం, విప్పడం, బూతులు. మధ్యలో అక్క రెండుసార్లు టీ పెట్టింది, రెండుసార్లూ చల్లారిపోయింది. దీపాలు పెట్టే వేళకి బావ దారం కొసని లోపలికి లాగి, బ్లేడుతో తెంపాడు.

"ఎలా ఉంది?"

అబద్ధమాడే ఓపిక కూడా లేదు నాకు. "అసహ్యంగా ఉంది."

రింగు పట్టుకుని అటూ ఇటూ గుంజాడు. అది కదల్లేదు. మళ్ళీ గుంజాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపాడు.

"రెండోది ఇటివ్వు."

నడుము విరిగిపోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఇచ్చాను.