కయ్యాలు తిన్న చింతచెట్టు

ఐరాల వైపు నుంచి కాణిపాకానికి పోయే మొదటి బస్సు ఆగేలోపల పంకజాక్షి రెండు వాయిల ఇడ్లీ దించేది, చెనక్కాయల చట్నీకి తాళింపు పెట్టేది, ముగ్గురిని తిట్టేది. నీళ్ళు కలిపినందుకు పాలాయనను, అంగడి దాటించి బస్సు ఆపినందుకు కండక్టరును, రోడ్డుకు అవతల టెంకాయలంగడి పెట్టుకున్న చెంగల్రాయుణ్ణి ఊరికే. పడి ఉండే మనిషి కాదు కాబట్టి చెంగల్రాయుడూ తిరిగి తిట్టేవాడు. తిట్టుకోవడం అయినాక రెండంగళ్ళకూ బేరాలు మొదలయ్యేవి.

చెంగల్రాయుడి అంగడి వెనకగోడకు చెయ్యి దూరేంత ఎడంలో పెద్ద చింతచెట్టు ఉంది. దాని కొమ్మలు రోడ్డు దాటి వచ్చి పంకజాక్షి అంగడి రేకుల మీద కూడా నీడ వేస్తాయి.

ఈ చెట్టు సంగతి ముందే చెప్పుకోవాలి. లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. ఆ ఊళ్ళో ఎవరూ ఇంటి కప్పు కింద కయ్యమాడరు. మొగుడూ పెండ్లాలు గానీ, అన్నదమ్ములు గానీ, గొంతు లేస్తున్నదని తెలియగానే చెప్పులేసుకుని చింతచెట్టు నీడకు వచ్చేస్తారు. కయ్యం అయినాక ఇంటికి పోతారు, చెట్టు లావవుతుంది. చిన్న కయ్యానికి నూలుపోగంత, పెద్దదానికి అర అంగుళం, కోపాన్ని బట్టి ఇంకా ఎక్కువ. వాన పడితే వంక పారినట్టే ఇదీ. ఎవరూ వింతగా చెప్పుకోరు. అయితే ఇద్దరికీ నిజంగా కోపం రావాలి. ఒక్కరే అరిస్తే పెరగదు. ఉత్తుత్తి కోపానికీ పెరగదు. అందుకని సుబ్బులమ్మ అనే ముసలామె కయ్యానికి ముందొకసారి, తరవాత ఒకసారి మాను చుట్టూ నులకతాడు వేసి చూసేది. తేడా లేకపోతే, "దొంగకోపం! పోండి, పోయి అన్నాలు తినండి" అని తరిమేది.

పంకజాక్షి, ఆమె మొగుడు మునిచంద్ర ముప్పై ఏళ్ళు ఆ చెట్టు కింద పోట్లాడినారు. ఒక్కసారీ తాడు వెయ్యనివ్వలేదు. "మా కోపానికి కొలతేంది?" అనేది పంకజాక్షి. మునిచంద్ర పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. ఇంజనీరు వచ్చి రెండు వైపులా చూసి, ఒక్క పక్కే తీసుకుంటామన్నాడు. చింతచెట్టు పెద్దచెట్ల జాబితాకెక్కితే దాన్ని ముట్టరు, రోడ్డు పడమటికి జరుగుతుంది. అంటే పంకజాక్షి అంగడి పోతుంది. జాబితాకెక్కకపోతే చెట్టుతోబాటు చెంగల్రాయుడి అంగడి పోతుంది. జాబితాకు ఎక్కాలంటే మాను చుట్టుకొలత ఇరవైనాలుగు అడుగులుండాలి.

ఆ జాబితా రాసేది తిరుపతి నుంచి వచ్చే మహావృక్ష మిత్రమండలి. దానికి పెద్ద ముకుందం. దేవస్థానం ఆఫీసులో పని చేసి రిటైరైనాడు. తీర్చిన నామం చెదరకుండా మాట్లాడతాడు. కార్యదర్శి పద్మనాభ్ కాలేజీలో చెట్ల చదువు చెప్పినవాడు. వచ్చే ఆదివారం కొలతల పండగ చెయ్యాలని, అరవైమంది వస్తారని, మొదట ఈ చెట్టునే కొలవాలని ఇద్దరూ సోమవారం పొద్దున వచ్చి పంకజాక్షి బెంచీ మీద కూర్చుని కాగితాలు పరిచినారు. ఊరికే అంచనాకని ఒకసారి టేపు వేసినారు. ఇరవైమూడు అడుగుల పది అంగుళాలు.

"రెండే అంగుళాలు తక్కువ! ఎంత దగ్గరికొచ్చి ఆగిపోయిందో చూడవయ్యా" అని ముకుందం మానును నిమిరినాడు. "అమ్మా, ఆదివారం అరవైమందికి టిఫిను మీరే చెయ్యాలి."

పంకజాక్షి నోటిదాకా వచ్చింది, నా అంగడి తవ్వేదానికి వచ్చేవాళ్ళకు నేనే ఇడ్లీ పెట్టాల్నా అని. అప్పుడే ఆమెకు తట్టింది. రెండంగుళాలంటే తన నోటికి నాలుగు పెద్ద కయ్యాల పని. నోరు కట్టుకుంటే అంగడి నిలుస్తుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, "అట్నే సామీ" అన్నది.

మంగళవారం పాలల్లో నీళ్ళు తప్ప పాలే లేవు. పంకజాక్షి గిన్నె పట్టి పోయించుకుంది. పాలాయన భయపడి, "జొరమా అక్కా?" అన్నాడు. కండక్టరు బస్సును సరిగ్గా అంగడి ముందరే ఆపి, దిగి వచ్చి మరీ ముఖం చూసి పోయినాడు.

చెంగల్రాయుడికి ఆమె నోరెందుకు కట్టుకుందో మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది. స్టూలు తెచ్చి గడప బయట వేసుకున్నాడు.

"ఏం వదినా, ఈ పొద్దు నోట్లో ఇడ్లీ పెట్టుకున్నేవా?"

పంకజాక్షి పిండి కలుపుతా ఉండింది.

"పెట్టుకుంటే మాత్రం యాడ నమిలేది? నీ ఇడ్లీతో గోడ కట్టొచ్చు గదా."

ఆమె ఒక గ్లాసు కాఫీ తీసుకుని రోడ్డు దాటి పోయి ఆయన స్టూలు పక్కన పెట్టి వచ్చింది. చెంగల్రాయుడు ఆ కాఫీని చాలాసేపు చూసినాడు. తాగలేదు. పెండ్లాం దేవకమ్మను పిలిచి, "దీంట్లో ఏం కలిపిందో వాసన సూడు" అన్నాడు.

తన నోరు ఒక్కటి మూస్తే చాలదని పంకజాక్షికి బుధవారం తెలిసింది. ఊరి కయ్యాలన్నీ అక్కడికే వస్తాయి గదా. చెప్పులేసుకుని వస్తున్న జంటను దూరం నుంచే చూసి, "రాండి రాండి, దోసెలు వేడిగా ఉండాయి" అని లోపలికి లాగింది. బావి మోటారు వంతు కోసం వచ్చిన అన్నదమ్ముల నడుమ తానే నిలబడి, "నీ మాటా నిజమే, నీ మాటా నిజమే" అని ఇద్దరి వీపులూ నిమిరి పంపించింది. ముప్పై ఏళ్ళలో ఆమె నోట అట్లాంటి మాట విన్నవాళ్ళు లేరు. ఇంటికి పోయేసరికి ఆమెకు దవడలు నొప్పి పుట్టినాయి.

గురువారం ఏర్పాట్లకని మళ్ళీ వచ్చిన మిత్రమండలివాళ్ళే తగువు తెచ్చినారు. చెట్టును కొలవడానికి ఒక పద్ధతి ఉంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము ఎత్తులో, టేపు చుట్టాలి. నేల సమంగా ఉంటే చిక్కు లేదు. ఇక్కడ రోడ్డు మీద తారు మీద తారు పోసి ఆ పక్క ఎత్తయింది, చేను పక్క ఒకటిన్నర అడుగు పల్లం. పల్లం నుంచి లెక్కపెడితే టేపు కిందికి దిగుతుంది, కింద మాను లావు కాబట్టి కొలత పెరుగుతుంది.

"నేలంటే దేవుడిచ్చిన నేల! చేను పక్క నుంచే కొలవాలి" అన్నాడు పద్మనాభ్.

"ఎత్తు పక్క నుంచే కొలవాలని పుస్తకంలో ఉంది. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాడివి, నీకు నేను చెప్పాలా?"

"మీరు ప్రసాదం చీట్లు చింపినవారు, మీకు మాను గురించి ఏం తెలుసండీ?"

ముకుందం నామం మొదటిసారి చెదిరింది. చెట్టు మానులో కిర్రుమని శబ్దం వచ్చింది. పంకజాక్షి రెండు గ్లాసులు పట్టుకుని, చీర తొక్కుకుంటూ పరిగెత్తింది.

"సామీ, సామీ! ఇద్దురూ పెద్దోళ్ళు. కాఫీ సల్లారిపోతాది. ఎత్తు పక్కే పెట్టండి, పుస్తకం రాసినోడు తిక్కోడా?"

పుస్తకం ప్రకారమే అన్నారు. కానీ మళ్ళీ టేపు వేస్తే ఇరవైమూడు అడుగుల పదకొండున్నర. ఆ ఇద్దరి కోపం అచ్చమైనది. ఇంక అర అంగుళమే మిగిలింది.

ఆదివారం అరవైమందీ టోపీలు పెట్టుకుని, చొక్కాలకు చీటీలు గుచ్చుకుని వచ్చినారు. పంకజాక్షి ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుని చెట్టు చుట్టూ నిలబడినారు. ముకుందం సుద్దగీత మీద టేపు ఆనించి, చుట్టూ తిప్పి తెచ్చి, అద్దాలు సర్దుకుని చదివినాడు.

"ఇరవైమూడు అడుగుల పదకొండున్నర."

అందరూ అయ్యో అన్నారు. పంకజాక్షి రోడ్డు దాటి వచ్చి గుంపు వెనక నిలబడి ఉంది. గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. పద్మనాభ్ పుస్తకం తీసినాడు రాసుకోవడానికి.

చెంగల్రాయుడు తన అంగడి మూల నిలబడి ఉన్నాడు. ఆయన మెల్లిగా, గుంపుకంతా వినబడేటట్టు అన్నాడు.

"దీంట్లో మునిచంద్ర కోపం ఒక పోగన్నా ఉంటే ఇరవైనాలుగు దాటేది గదబ్బా. యాడిది? ఆయనకు కోపమే రాలా. నాతో చెప్పినాడు. 'దాని మనసు కోసరం నేనూ అరుస్తాను రాయుడూ, నాకు దాని మీద కోపముండి ఏడిస్తే గదా' అని. ముప్పై ఏళ్ళు ఉత్తుత్తికే అరిసినాడు పాపం. అందుకే గదా ఈయమ్మ తాడు వెయ్యనీలా."

పంకజాక్షికి చెట్టూ కనిపించలేదు, టేపూ కనిపించలేదు. మునిచంద్రతో ఆఖరి కయ్యం అదే చోట జరిగింది. ఎదలో నొప్పని మూడు రోజులుగా అంటున్నవాణ్ణి, చిత్తూరు ఆస్పత్రికి పోదాం రమ్మని ఈమె. రానని ఆయన. చెయ్యి విదిలించి చేనుకు పోయినాడు. చేనులోనే పడిపోయినాడు. ఆ పొద్దు ఆయన కోపం నిజమైతే, కోపంలో తన మాట వినకుండా పోయినాడని అనుకోవచ్చు. ఉత్తుత్తిది అయితే, ఇంకొక్క మాట గట్టిగా అని ఉంటే వచ్చేవాడేమో.

"నా మొగుడికి కోపం రాలేదా?" అన్నది. ఆరు రోజులు మూసిన గొంతు బొంగురుగా వచ్చింది. "నీకేం తెలుసురా ఆయన కోపం? సాంబార్లో ఉప్పెక్కువైతే గిన్నె ఎత్తి వీధిలో కొట్టినోడు ఆయన! నా చెయ్యి విదిలించుకుని పోయినోడు! నీ మాదిరి టెంకాయ నీళ్ళు తాగి ఎదగని కోపమనుకుంటివా?"

"ఎవర్ని ఎదగలేదంటావు మే? నా అంగడి పోతా ఉంటే నీకు నవ్వుగా ఉండాదా? ఆరు దినాలు కాఫీ పోసి నన్ను సంపినావు గదే!"

"సస్తే బాగుండు!"

"నువ్వు సావు ముందు!"

కిర్రుమంది. ముకుందం "అబ్బా" అని చెయ్యి లాక్కున్నాడు. టేపు ఆయన వేళ్ళను మానుకేసి నొక్కేసింది. ఇద్దరూ ఆగిపోయినారు. పద్మనాభ్ వంగి చూసినాడు.

"ఇరవైనాలుగు అడుగుల పావు అంగుళం."

అరవైమందీ చప్పట్లు కొట్టినారు.

పది రోజులకు ఇంజనీరు మనిషి వచ్చి పంకజాక్షి అంగడి గోడకు ఎర్రగీత గీసి పోయినాడు. ఆమె ఇడ్లీపాత్రలు గోతంలో కట్టింది. కట్టడం అయినాక చెయ్యి తుడుచుకుని రోడ్డు దాటింది. చెంగల్రాయుడి అంగడి గడప ముందర, చెట్టు నీడలోనే నిలబడింది.

"రాయుడూ, ఒక మాట అడగాల. మునిచంద్ర నీతో ఆ మాట చెప్పినాడా?"

"చెప్పినాడు."

"అయితే రా. వినాయకుడి ముందర తడిగుడ్డలతో నిలబడి ప్రమాణం చెయ్యి. ఇప్పుడే బస్సుండాది."

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎంత అబద్ధాలకోరైనా కాణిపాకంలో మాత్రం అబద్ధం ఆడడు. చెంగల్రాయుడు స్టూలు మీద నుంచి లేచినాడు. టెంకాయలు సర్దినాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దినాడు.

"ఉత్తదే" అన్నాడు ఆఖరికి. "నీ నోరు తెరిపించేదానికి కల్పించినా. ఏం జేస్తావు? నా అంగడి కోసరం నేను చేసుకున్నా. నువ్వు నీ అంగడి కోసరం నోరు కట్టుకోలా?"

పంకజాక్షి ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. మునిచంద్ర కోపం ఆమెకు తిరిగొచ్చింది, గిన్నె విసిరినదీ, చెయ్యి విదిలించినదీ, అన్నీ నిజమైనవే. ఆమె ముఖం తేటపడింది. తరవాత కళ్ళు తెరిచింది.

"సచ్చినోడి నోట్లో అబద్ధం పెడతావా?" అన్నది.

దేవకమ్మ లోపల నుంచి పరిగెత్తుకొచ్చి, "గోడ సూడు! బదులు సెప్పొద్దు!" అని మొగుడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన గోడ వైపు చూసినాడు కూడా. చెయ్యి దూరే సందు ఇప్పుడు వేలు దూరేంతే ఉంది. పంకజాక్షి మొదటి మాటకు పళ్ళు బిగబట్టినాడు. రెండో మాటకు స్తంభం పట్టుకున్నాడు. మూడో మాట ఆయన టెంకాయల గురించి. పెండ్లాం చెయ్యి తోసేసి నోరు తెరిచినాడు.

పొద్దు వాలేదాకా సాగింది. వెనకగోడ ముందు పైనుంచి కిందికి చీలింది, తరవాత లోపలికి వంగింది, టెంకాయలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీదికి దొర్లినాయి. బస్సు ఆగి దారి కోసం హారను కొట్టింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇద్దరి గొంతులూ పోయినాక దేవకమ్మ టెంకాయలు ఏరి గోతంలో వేసుకుంటూ, వెళ్ళిపోతున్న పంకజాక్షిని అడిగింది.

"మీ అంగడీ పాయ, మా అంగడీ పాయ. రేపటి నుంచి యాడ పెడతావక్కా నీ పొయ్యి?"

పంకజాక్షి తిరిగి చూడలేదు. లేని గొంతుతోనే చెప్పింది.

"నీ మొగుడు యాడ పెడితే ఆడ. ఎదురుగా."