జువైనా తిన్నె పడుకున్న చోటు

జువైనాకి ముప్పై ఎనిమిదేళ్లు. టైర్లలో గాలి తీసేటప్పుడు మీటరు పెట్టి చూడదు, చెవి దగ్గర పెట్టి వింటుంది.

ఇసుకలోకి దిగే ముందు గాలి తీయాలి. టైరు మెత్తబడి ఒంటె పాదంలా పరుచుకుంటేనే ఇసుక బండిని మోస్తుంది. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, బిదియా ఊరు దాటి తారు రోడ్డు అయిపోయే చోట ఎడారి చూడవచ్చిన అతిథులతో ఖల్ఫాన్ క్యాంపు బండ్లు ఐదూ వరసగా ఆగుతాయి. మగ డ్రైవర్లు నలుగురూ చేతుల్లో మీటర్లతో టైరు టైరుకీ వంగి లేస్తుంటారు. జువైనా మాత్రం ముక్కు మీది నల్ల ముసుగు కాస్త పక్కకి జరుపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గాలి బుస్సుమనడం వింటుంది. ఆ చప్పుడు ఒకచోట సన్నబడుతుంది. అక్కడ ఆపేస్తుంది. ఎవరైనా మీటరు పెట్టి చూస్తే అంకె సరిగ్గానే ఉంటుంది. ఎవరూ చూడరు. చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుంది కదా.

ఆమె బండి వెనక ఆమె ఇసుక తిన్నె ఉంటుంది.

జువైనా పుట్టిన రోజున గుడారం వెనక పిడికెడు ఇసుక వచ్చి చేరింది. ఆమె పాకేటప్పుడు అది మేకపిల్లంత ఉండేది. ఆమె బడికి వెళ్లేటప్పుడు పికప్పు బండంత అయింది. ఇప్పుడు రెండంతస్తుల మేడంత ఎత్తు. ఆమె ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుంది, ముసలి ఒంటెలాగా, తొందరేమీ లేకుండా. ఎవరూ చూడనప్పుడు దొంగచాటుగా కదిలేదేం కాదు. అందరి ముందే కదిలేది. చూడ్డానికి ఏముందని ఎవరూ చూసేవారు కాదు. భూమి కొలతలకి వచ్చినవాళ్లు కూడా పటంలో ఆ చోటు ఖాళీగా వదిలి, పక్కన 'జువైనా' అని రాసుకుని పోయారు.

పెళ్లయ్యాక తిన్నె అత్తారింటికి కూడా వెళ్లింది. రోజూ తెల్లారేసరికి వాకిట్లో అడ్డంగా పడుకునేది. రెండేళ్లు చూసి మొగుడు విడాకులు ఇచ్చాడు. పెళ్లాంతో పాటు కొండ కూడా కాపురానికి వస్తుందని తనకెవరూ చెప్పలేదన్నాడు. జువైనా తన పెట్టె బండిలో వేసుకుని బాబాయి ఖల్ఫాన్ గుడారానికి తిరిగొచ్చింది. తండ్రి సాలిం అప్పటికే పోయాడు. తిన్నె సాయంత్రానికి చేరింది.

ఆ రోజు టైర్ల దగ్గర నుంచి లేచి చేతులు దులుపుకుంటూ జువైనా అడిగింది.

"బాబాయ్, కాగితంలో నా పేరు ఎన్నోది?"

వచ్చే వారం నుంచి అతిథుల్ని ఎక్కించుకునే డ్రైవరుకి కార్డు ఉండాలని కొత్త నిబంధన వచ్చింది. క్యాంపుకి ఐదు కార్డులు. పేర్లు రాసిచ్చేది యజమాని. జాబితా తెల్లారి ఇచ్చెయ్యాలి. కార్డు లేనివాళ్లు ఇక అతిథుల బండి ముట్టుకోకూడదు.

ఖల్ఫాన్ జేబు తడుముకున్నాడు. "నీ పేరు దేనికమ్మా? నువ్వు ఇంటి మనిషివి. ఇంటి మనిషికి కార్డేంటి?"

"హిలాల్ నీ కొడుకు. వాడు ఇంటి మనిషి కాదా?"

"వాడు మగాడు."

"ఆ సంగతి టైరుకి తెలీదు బాబాయ్. ఐదోది ఎవరికి రాశావు?"

"మాజిన్‌కి. మీ మేనత్తకి మాటిచ్చాను. వాడు మస్కట్‌లో ఎన్నాళ్లని ఖాళీగా కూర్చుంటాడు?"

"వాడికి ఇసక చూస్తే వాంతులు."

"నేర్చుకుంటాడు."

"నేర్పేదెవరు?"

"నువ్వున్నావుగా!" ఖల్ఫాన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు గుడారం ముందు చాపేసుకుని కూర్చుని ఉన్ని తాళ్లూ గాజులూ అమ్ము. ముసుగు వేసుకున్న ఆడది ఉంటే అతిథులు ఫోటోలు తీసుకుంటారు. నీకూ మర్యాదగా ఉంటుంది."

మర్యాద అన్న మాట మగవాళ్ల నోట వచ్చిందంటే ఎక్కడో ఒక ఆడదాన్ని కూర్చోబెట్టబోతున్నారన్నమాట.

మా ఇసుకలో ఆడవాళ్లు బండి నడపడం నిన్న మొన్నటి సంగతి కాదు. మొదటి పికప్పులు వచ్చిన రోజుల్లో మగవాళ్లు పనులకని దూర దేశాలు పోయి ఉన్నారు. నీళ్ల డ్రమ్ముల్ని, మేకల్ని, నొప్పులు పడుతున్న కోడళ్లని మోసింది ఆడవాళ్ల చేతుల్లోని బండ్లే. ఖల్ఫాన్ తల్లి రాయా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో చంటివాడైన ఇదే ఖల్ఫాన్‌ని ఒళ్లో అదుముకుని తిన్నెలు దాటేది. అప్పుడు దాన్ని అవసరం అన్నారు. ఇప్పుడు అదే పనికి జీతం వస్తోంది కాబట్టి ఉద్యోగం అంటున్నారు. అవసరానికి ఆడదాని పేరు ఎవరూ అడగరు. ఉద్యోగానికి పేరు రాయాలి. వచ్చిన చిక్కల్లా అక్కడే.

జువైనా రెండోసారి అడగలేదు. ఏదీ రెండుసార్లు అడిగే మనిషి కాదు. బండి ఎక్కింది.

ఆమెది ఎప్పుడూ చివరి బండి. ముందు బండ్లు కూరుకుపోతే లాగాల్సింది చివరి బండే. ఆ రోజు ఆమె పక్క సీట్లో జర్మనీ నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. మొదటి ఎత్తు ఎక్కి దిగాక ఆవిడ వెనక్కి చూసి, "ఆ తిన్నె మన వెనకాలే వస్తోందా?" అని అడిగింది.

"అవును. నాదే."

ఆవిడ తలూపి బెల్టు సరిచూసుకుంది.

జువైనా నడుపుతుంటే బండి ఇసుకని కోసినట్టుండదు, ఇసుక మీద రాసినట్టుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు పెంచదు. కత్తి అంచులాంటి శిఖరం మీద ఒక్క క్షణం నిలబెడుతుంది. అటు ఎండ, ఇటు నీడ. తర్వాత బండి నీడ వైపు జారుతుంది. వెనక సీట్లో ముగ్గురూ అరిచారు. పెద్దావిడ అరవలేదు, పకపకా నవ్వింది.

మూడో తిన్నె దగ్గర, నేర్చుకోడానికని ఆ రోజే హిలాల్ బండి పట్టిన మాజిన్ సగం దాకా ఎక్కాడు. అతనికి భయమేసి బ్రేకు తొక్కాడు. ఇసుకలో బ్రేకు తొక్కడమంటే గొయ్యి తవ్వుకుని అందులో కూర్చోవడమే. నాలుగు చక్రాలూ ఇరుసు దాకా దిగిపోయాయి.

జువైనా తాడు తీసుకుని నడిచి వెళ్లేసరికి మాజిన్ తలుపు తీసి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"వదినా, నన్నిక్కడే పూడ్చెయ్."

"సగం నువ్వే పూడ్చుకున్నావు. దిగు. కక్కేదుంటే అటు వైపు కక్కు, గాలి ఇటు నుంచి వీస్తోంది."

బండి రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. అతిథులు చప్పట్లు కొట్టారు. హిలాల్ కొట్టాడు. ఖల్ఫాన్ కూడా కొట్టాడు. కథల్లో అయితే ఇక్కడ ఆయన మనసు మారిపోవాలి. మారలేదు. జువైనాకి పని రాదని ఎవరన్నారు గనక? వచ్చని అందరికీ తెలుసు. తెలిసే చాప వేస్తున్నారు.

పొద్దు వాలే వేళకి బండ్లు క్యాంపు చేరాయి. తివాచీలు పరిచి ఉన్నాయి. నిన్నటి నుంచి గోతిలో మగ్గుతున్న మాంసం తీయడానికి మగవాళ్లు పారలు పట్టుకుని నిలబడ్డారు. గోతి పక్కన పీట మీద కూర్చుని రాయా, ఎక్కడ తవ్వాలో ఎలా తవ్వాలో తిట్టి మరీ చెబుతోంది. "నెమ్మదిరా! తాటాకు సంచి చిరిగితే తినేది మాంసం కాదు, ఇసక!"

జువైనా ఎప్పటిలాగే వంట గుడారం వెనక బండి ఆపింది. తిన్నె కూడా ఎప్పటిలాగే వచ్చి దాని వెనక పడుకోవాలి. పడుకోలేదు. ఆమె బండిని దాటింది, వంట గుడారం దాటింది, బండ్ల తోవ కూడా దాటి అవతలికి వెళ్లి, ఒంటె మోకాళ్లు మడిచినట్టు ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ ఊగి కూర్చుంది.

రాయా తిట్టడం ఆపింది.

"అమ్మాయ్, నీ తిన్నె అవతల పడుకుంది."

"చూశా నాయనమ్మా."

"నువ్వు మన గుడారంలో ఉండగా అది ఎప్పుడైనా మన పొయ్యి వదిలి పడుకుందా?"

"లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావే? పోయి దాని దగ్గర నిప్పు రాజెయ్. నా పాత కాఫీ కూజా పట్టుకుపో."

మా దగ్గర ఇల్లంటే గోడలు కావు. నిప్పు. వేరే నిప్పు రాజేసుకున్న మనిషిది వేరే ఇల్లు. వంట దగ్గరున్న ఆడవాళ్లలో ఒకామె మూడు రాళ్లు తెచ్చి ఇచ్చింది, ఒకామె గాఫ్ చెట్టు పుల్లలు, ఒకామె గుప్పెడు కాఫీ గింజలు. అన్నం పళ్లాలు సర్దే హడావిడిలో మగవాళ్లకి ఇదేమీ పట్టలేదు. సూర్యుడు దిగాడు. నమాజు అయింది. తోవకి అవతల, తిన్నె ఒడిలో, చిన్న మంట లేచింది.

జువైనా కాసేపు ఆ మంట ముందు కూర్చుంది. తర్వాత ముసుగు సరిచేసుకుని, తోవ దాటి, పెద్ద గుడారానికి ముందు వైపు నుంచి వచ్చింది. ఇంటివాళ్లు వెనక నుంచి వస్తారు. ముందు నుంచి వచ్చేది బయటివాళ్లే.

"సలాం అలైకుం, ఈ ఇంటివాళ్లకి."

లోపల అతిథులు పన్నెండు మంది మాంసం తింటూ వేళ్లు నాక్కుంటున్నారు. ఖల్ఫాన్ మంచి హుషారులో ఉన్నాడు. పక్కన తగాదాలు తీర్చే పెద్ద, హుమైద్ తాత కూర్చున్నాడు. ముందు నుంచి వస్తున్న జువైనాని చూసి ఖల్ఫాన్‌కి నవ్వొచ్చింది. పేరు రాయనందుకు అలిగిందనుకున్నాడు. నలుగురి ముందూ ఆట పట్టిద్దామనుకున్నాడు.

"ఆహాహా! రండి రండి అతిథి గారూ! ఎంత దూరం నుంచి రాక? వార్తలేమిటి?"

కొత్త మనిషి వస్తే అడిగే మాట అది. దానికి చెప్పే జవాబూ ఒక్కటే.

"వార్తలేమీ లేవు. అంతా క్షేమం," అంది జువైనా, నవ్వకుండా.

"మీ వైపు వానలు పడ్డాయా? ఒంటెలు బాగున్నాయా?" ఖల్ఫాన్ కూజా తనే ఎడం చేత్తో అందుకుని, కప్పులో కాఫీ పోసి, వంగి మరీ కుడి చేత్తో అందించాడు. "పుచ్చుకోండి అతిథి గారూ!" హిలాల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

జువైనా కప్పు అందుకుంది. తాగలేదు. కూర్చుని, తివాచీ మీద తన ముందు పెట్టింది.

నవ్వు ఆగిపోయింది.

అతిథి కాఫీ తాగకుండా కప్పు కింద పెడితే, అడగడానికి ఏదో ఉండి వచ్చాడని అర్థం. 'తాగు, నువ్వొచ్చిన పని అయింది' అని ఇంటాయన అనేదాకా అతను తాగడు. కాఫీ చల్లారిపోతే పరువు పోయేది పోసినవాడిది. బావుల దగ్గర, పెళ్లిళ్లలో, వాడు కనపడితే చాలు, చల్లారిన కాఫీవాడు వచ్చాడంటారు. అయితే ఈ హక్కు అతిథికే. ఇంట్లో మనిషి వంద కప్పులు కింద పెట్టినా తీసి కడిగేస్తారు.

"ఏయ్, తాగు," అన్నాడు ఖల్ఫాన్.

జువైనా కదల్లేదు.

"ఖల్ఫాన్, కప్పు కింద ఉంది," అన్నాడు హుమైద్ తాత.

"ఇది మా ఇంటి పిల్ల తాతా!"

"అతిథి అన్నదెవరు?"

"ఎగతాళికి అన్నాను!"

"వార్తలు అడిగిందెవరు? కాఫీ పోసిందెవరు? ఎగతాళికి పోసిన కాఫీ చల్లారదా?" ముసలాయన చెయ్యెత్తి గుడారం బయటికి చూపించాడు. "అయినా చూడు. తిన్నె అవతల ఉంది. నిప్పు అవతల ఉంది. ఆ ఇల్లు నీదా?"

ఖల్ఫాన్ చూశాడు. తిన్నె అంచు మీద ఇంకా కాస్త ఎర్రదనం మిగిలి ఉంది. దాని కింద మంట స్థిరంగా వెలుగుతోంది. అది తనది కాదు. అబద్ధం చెప్పడానికి కూడా వీల్లేనంత స్పష్టంగా తనది కాదు.

జర్మనీ పెద్దావిడ ఇదంతా తమ కోసం ఆడుతున్న నాటకమనుకుని చప్పట్లు కొట్టబోయింది. "ఆగమ్మా, ఇంకా అవలేదు," అన్నాడు హుమైద్ తాత.

"ఏం కావాలో అడుగు," అన్నాడు ఖల్ఫాన్.

"కాగితంలో నా పేరు. మొదటి వరసలో."

"ఇంకేదైనా అడుగు. కొత్త బండి కావాలా? పది ఒంటెలు కావాలా?"

"నాకు కావాల్సింది చెప్పాను."

"మీ మేనత్తకి మాటిచ్చానే..."

"ఆమెకి మాటిచ్చావు. నాకు కాఫీ పోశావు."

కప్పు మీద ఆవిరి పల్చబడుతోంది. అప్పటిదాకా మూలన పడుకుని ఉన్న మాజిన్ లేచి కూర్చున్నాడు. "నా పేరు కొట్టెయ్ మామా. అల్లా నిన్ను చల్లగా చూస్తాడు. నేను లెక్కలు రాస్తాను, గిన్నెలు కడుగుతాను, ఏదైనా చేస్తాను. ఆ బండి మాత్రం నాకొద్దు."

ఖల్ఫాన్ జేబులోంచి కాగితం తీశాడు. కలం తీశాడు. ఐదో పేరు కొట్టేసి, అన్నిటికన్నా పైన, 'సాలిం కూతురు' అని రాయబోయాడు.

"పేరు," అంది జువైనా.

రాశాడు. గుడారం వెనక నుంచి రాయా గొంతు వినిపించింది. "గట్టిగా చదవరా! నాకు చెవుడు!" ఆమెకి చెవుడు లేదు.

"జువైనా," అని చదివాడు ఖల్ఫాన్, అతిథుల ముందు, కొడుకు ముందు. చదివి, కాసేపు ఆ అక్షరాల వైపే చూశాడు. "తాగమ్మా. నువ్వొచ్చిన పని అయింది."

జువైనా కప్పు ఎత్తి మూడు గుక్కల్లో తాగింది. ఇక చాలన్నట్టు కప్పు కొంచెం ఊపి వెనక్కిచ్చింది.

"అచ్చం మా అన్న మొండితనమే," అన్నాడు ఖల్ఫాన్. అందులో కోపం ఎంతో, గర్వం ఎంతో ఆయనకే తెలియలేదు.

"మీ అమ్మది," అంది జువైనా. లేచి, వచ్చిన దారినే ముందు వైపు నుంచి వెళ్లిపోయింది.

తెల్లారి జాబితా తీసుకుని ఖల్ఫాన్ వెళ్లాడు. జువైనా బండి తీసినా తిన్నె కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. ఇక ఎప్పుడూ కదల్లేదు.

ఆ కార్డు మీద జువైనా తొమ్మిదేళ్లు బండి నడిపింది. పదో ఏట ఖల్ఫాన్ క్యాంపు కొనేసింది.