కడగడం కూడా రాయాలా?

ఆ పూత ఊడిందంటే తప్పు లోహానిది కాదు, మీది. కడగడాన్ని పని కింద జమకట్టని మీ అందరిదీ. ల్యాబ్‌లో పెద్దసారు, కంపెనీ మేనేజరు, ఇంట్లో మా ఆయన. ముగ్గురినీ కలిపే అంటున్నాను, పడండి.

ఇదంతా నాకు మొన్నామధ్య అంట్లు తోముతుంటే తట్టింది. కోపంతో కాదు, ఆ మంట ఎప్పుడో ఆరిపోయింది. జిడ్డు వదలని పళ్ళెం మీద నీళ్ళు బొట్లు బొట్లుగా నిలబడతాయి. వదిలాక పల్చగా పరుచుకుంటాయి. ఇంట్లో పళ్ళెమైనా, ల్యాబ్‌లో తుంటి కీలైనా నేను చూసేది అదే. వెనకనుంచి మా ఆయన, "ఇక్కడా కడుగుడే, అక్కడా కడుగుడే. అంట్లలో డాక్టరేటు మా ఆవిడకి!" అని తన జోకుకి తనే నవ్వాడు. పెళ్ళైన కొత్తలో ఈ మాటకి ఏడ్చేదాన్ని. తర్వాత కొన్నాళ్ళు నేనూ నవ్వాను. ఇప్పుడు కుళాయి కట్టేస్తాను, అంతే.

నా పని చెబుతాను. అరిగిపోయిన తుంటి తీసేసి టైటానియం కీలు పెడతారు కదా, దానిమీద మేం ఎముకలో ఉండే ఖనిజంతోనే పల్చటి పూత వేస్తాం. పూత నిలిస్తే ఎముక దాన్ని తనదనుకుని పట్టుకుని పెరుగుతుంది. నిలవకపోతే శరీరం ఒక తమాషా చేస్తుంది. ఆ లోహాన్ని బయటికి తోసెయ్యదు, తనలో కలుపుకోదు. చుట్టూ మందంగా ఒక పొర అల్లేసి, అది లేనట్టే బతికేస్తుంది. మైక్రోస్కోపులో ఆ పొరని మొదటిసారి చూసినప్పుడు, ఎక్కడో చూశానే అనిపించింది. సాయంత్రం ఇంటికొచ్చి, అందరూ తిని లేచిన బల్ల తుడుస్తుంటే గుర్తొచ్చింది. ఆ పొర వాళ్ళు అల్లిందో నేను అల్లుకున్నదో ఇప్పుడు చెప్పలేను. లోపలున్నదానికి మాత్రం ఏమీ తగలదు.

పూత నిలవాలంటే ముందు కడగాలి. కొవ్వు తీసే ద్రావకంలో, ఆల్కహాల్లో, శుద్ధి చేసిన నీళ్ళలో, వరసగా. ఆరీ ఆరగానే పూత యంత్రంలోకి వెళ్ళిపోవాలి. గాల్లో ఊరికే పెడితే కంటికి కనపడని జిడ్డు మళ్ళీ పట్టేస్తుంది. ఇన్నేళ్ళుగా మా ల్యాబ్‌లో ప్రతి ముక్కా నేనే కడిగాను. "మీ చేతిలో పడితే శుభ్రంగా వస్తుందండీ" అనేవారు తోటివాళ్ళు. మెచ్చుకోలనుకుని మురిశాను. సభల్లో పూత వాళ్ళదైంది. కడిగిన నీళ్ళు నావయ్యాయి.

మా పూత పద్ధతిని కీళ్ళు తయారుచేసే కంపెనీకి అప్పజెప్పేటప్పుడు కడగడం గురించి ఒక పేజీ రాశాను. పెద్దసారు అడ్డంగా కొట్టేశారు. "కడగడం కూడా రాయాలామ్మా? రేపు ముక్కు తుడుచుకోమని కూడా రాస్తావా?" గదంతా నవ్వింది. 'శుభ్రపరచి పూత వేయాలి' అని ఒక్క ముక్క మిగిలింది. కంపెనీవాళ్ళు అలాగే శుభ్రపరిచారు. కడిగి, గిన్నెలు బోర్లించినట్టు అరలో బోర్లించి, మర్నాడు తీరిగ్గా పూత వేశారు.

పరీక్షకి నా దగ్గరకొచ్చిన ముక్కల్లో ఒకదానిమీద, పూత పట్టు చూడ్డానికి టేపు అంటించి లాగాను. పూతంతా పెచ్చుగా టేపుతో వచ్చేసింది. పెద్దసారుకి చూపించాను.

"ఎముకలో ఎవరూ టేపు అంటించరులేమ్మా" అన్నారు ముందు. తర్వాత తలుపు మూసి, "ఆసుపత్రికి మాటిచ్చేశాం. మొదటి విడతవి నువ్వే వెళ్ళి కడిగి పూత వేయించి రా. పెద్దది చెయ్యకు."

"ఆ తర్వాత తయారయ్యేవి?"

"తర్వాత సంగతి తర్వాత."

ఆ మొదటి విడతలోనే మా అత్తగారికి పెట్టే కీలు ఉంది. ఇంట్లో చెప్పాను. మా ఆయన రిమోటు పక్కన పెట్టాడు. నా పని గురించి ఆయన రిమోటు పక్కన పెట్టడం అదే మొదలు.

"పోనీ అమ్మది ఒక్కటైనా కడిగెయ్యి."

"మిగతావాళ్ళవి?"

"వాళ్ళకి కోడళ్ళు లేరా ఏంటి?"

అత్తగారు ఊతకర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. "ఏమ్మాయ్, అది ఊడితే నాకేమవుతుంది?" ఇందులో ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అదొక్కటే.

"కీలు వదులైపోతుందండీ. మళ్ళీ కొయ్యాలి."

"నువ్వు కడిగితే?"

"మీది నిలుస్తుంది. అది చూపించి మిగతావన్నీ ఇప్పటిలాగే చేసి అమ్ముతారు."

ఆవిడ తుంటి పట్టుకుని గుమ్మానికి ఆనుకుంది. "అందరి గోలా నాకెందుకే? నేనీ నొప్పి ఓర్చుకోలేకపోతున్నాను" అంది. నాకు జాలి కలగాల్సింది. చల్లటి నీళ్ళలో చాలాసేపు నానిన వేళ్ళలాగా ఏమీ తెలియలేదు.

మర్నాడు కంపెనీకి వెళ్ళలేదు. ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికెళ్ళి, ఆయన బల్లమీదే ఇంకో ముక్క పెట్టి టేపు అంటించి లాగాను. ఆయన టేపునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆపరేషన్లన్నీ ఆపించాడు, మా అత్తగారిదీ కలిపి. అప్పట్నుంచి ఇంట్లో మా ఆయన మాట్లాడటం మానేశాడు. పక్కగదిలో ఆవిడ మూలుగు వినిపిస్తూనే ఉంటుంది. వింటూనే ఉంటాను.

ఇవాళ ల్యాబ్‌లో అందరినీ కూర్చోబెట్టారు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదమ్మా" అన్నారు పెద్దసారు. పక్కనున్న కంపెనీ మేనేజరు నిట్టూర్చాడు. "సర్లే, అయిందేదో అయింది. ఈ ఒక్కసారికి మా దగ్గరికొచ్చి కడిగి వెళ్ళు. మీ అత్తగారి కోసమైనా."

చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని ఇలా అన్నాను.

తయారైనవన్నీ వెనక్కి తెప్పించండి. కడగడం పద్ధతిలో రాయండి. మొదటి పనిగా, నేను రాసింది రాసినట్టు, కింద నా పేరుతో. దానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టండి, నేర్పుతాను. ముందు మీకే నేర్పుతాను, సారూ. ఇంట్లో ఆవిడ నొప్పితో కాచుక్కూచుంది, ఆలస్యం చెయ్యకండి. లేవండి. చొక్కా చేతులు పైకి మడవండి. కుళాయి అదిగో.