ముస్తాబు వదలని దయ్యం

భయం చూసేవాడిలో ఉంటుందా, చూపే వస్తువులో ఉంటుందా?

మండవల్లి వెళ్ళే బస్సులో బుచ్చిబాబు తనను తాను వేసుకున్న ప్రశ్న ఇది. తాడేపల్లిగూడెంలో ఏళ్ళ తరబడి పెళ్ళి ఫొటోలు తీసిన ఆ మనిషి ఇప్పుడు దయ్యం సినిమాలు తీస్తున్నాడు. అవి సెన్సారుకు వెళ్ళవు, థియేటరు ఎక్కవు. తెలిసినవాళ్ళను ఫోనులో పిలిచి, ఏలూరులో ఏదో మేడగదిలో తలుపులు మూసి చూపించేవాడు. వాళ్ళు హాయిగా చూసి, టీ తాగి వెళ్ళేవారు. ఒక్కరూ జడుసుకున్న పాపాన పోలేదు.

లోపం చేతిలో ఉంది. పెళ్ళికూతుళ్ళకు అలవాటుపడ్డ ఆ చెయ్యి దయ్యానికీ మెత్తటి వెలుగు పెట్టేది, చెంప మీది మచ్చ చెరిపేది, కొంగు సర్దేది. దయ్యం వేషం భార్య కుసుమది.

"ఈ సినిమాకీ ఎవరూ భయపడకపోతే మళ్ళీ పెళ్ళి ఫొటోలకే వెళ్ళిపోదురుగాని," అందామె బస్సులో పక్క సీట్లోంచి. అతను మాటిచ్చాడు.

మధ్యాహ్నం చేపల మేత గోడౌనులో గోడకు దుప్పటి కట్టి బొమ్మ వేశారు. చూసేవాళ్ళంతా చెరువుల రైతులు. తెర మీద దయ్యం జుట్టు విరబోసుకుని, తెల్లవారుజామున చెరువు గట్టు వెంట నడిచొచ్చింది.

"పేరంటానికొస్తున్నట్టున్నారండీ!" అన్నాడు గోడౌను యజమాని దుర్గారాజు.

"ఆ పట్టుచీర ఎక్కడ కొన్నారండీ?" అని రైతుల్లో ఒకావిడ, సరోజ, కుసుమను అడిగింది.

బుచ్చిబాబు తల దించుకున్నాడు. అంతలో దయ్యం వెనక, నీళ్ళ మీదికి చేపలు గుంపుగా వచ్చి నోళ్ళు తెరిచాయి. నీటి మీద వలయాలు అందంగా ఉన్నాయని అతను ఉంచేసిన షాటు అది.

"చేపలు తేలేస్తున్నాయిరా! గాలందట్లేదు వాటికి!" దుర్గారాజు కెవ్వుమన్నాడు. "ఏరేటర్లు వెయ్యండ్రా!"

అది ఎవరి చెరువో ఆలోచించే ఓపిక ఒక్కరికీ లేకపోయింది. చెప్పులు వదిలేసి, ఎవరి చెరువుకు వాళ్ళు పరుగెత్తారు.

కాసేపటికి దుర్గారాజు చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. "మా చేపలు బాగానే ఉన్నాయండీ. అయినా అలాంటివి చూపించొచ్చాండీ మీరు? గుండె జారిపోయిందండీ బాబూ!"

ఇంత మంచి తిట్టు బుచ్చిబాబు ఎన్నడూ తినలేదు. మనిషి దేన్ని పోగొట్టుకోలేడో, భయం దాని పక్కనే కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ దానికి అడ్డంగా దయ్యం నిలబడింది, పట్టుచీర కట్టుకుని.

"కుసుమా, దయ్యాన్ని తీసేద్దాం."

"అంటే నన్నా?"

"నిన్నే."

"బాగుందండీ న్యాయం! జీతం అడగని దయ్యం చేదైందా? పోనీ, ఆ పట్టుచీర సీనైనా ఉంచండి."

బుచ్చిబాబు మేత బస్తా మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. మొదట చెరిపేసింది ఆ సీనులో ఆమెనే.